గూగుల్ ప్రాజెక్ట్ మేనేజ్‌మెంట్ సర్టిఫికెట్: ఐటీ బయట ఉన్నవారికి ఎంతవరకు పనికొస్తుంది?

గూగుల్ సంస్థ 2021లో కోర్సెరా అనే ఆన్‌లైన్ కోర్సుల వేదికపై ప్రారంభించిన ప్రాజెక్ట్ మేనేజ్‌మెంట్ ప్రొఫెషనల్ సర్టిఫికెట్ గురించి వచ్చిన సమీక్షల్లో నాకు కనిపించినవి ఎక్కువగా ఐటీ ఉద్యోగార్థులు ఐటీ ఉద్యోగార్థుల కోసం రాసినవే. కోర్సు మాత్రం తనకు ఏ ముందస్తు అనుభవమూ, ఏ ప్రత్యేక డిగ్రీ అవసరమూ లేదని, ఏ రంగంలో ఉన్నవారైనా చేరవచ్చని చెప్పుకొంటుంది. ఒక డిగ్రీ కళాశాలలో పాఠాలు చెబుతూ, కళాశాలల నాణ్యతను మదింపు చేసే జాతీయ సంస్థ న్యాక్ గుర్తింపుకు సంబంధించిన పనులన్నిటినీ ఒకచోటికి తెచ్చే ఐక్యూఏసీ (అంతర్గత నాణ్యతా విభాగం) సమన్వయకర్త బాధ్యత కూడా చూస్తున్న వ్యక్తిగా, ఆ మాట ఎంతవరకు నిజమో పరిశీలించాలన్న ఉద్దేశంతోనే నేను దీన్ని పూర్తి చేశాను. సాఫ్ట్‌వేర్‌తో సంబంధం లేని ఉద్యోగంలో ఉంటూ, పది మందితో గడువులోగా పని పూర్తి చేయించాల్సిన స్థితిలో ఉన్నవారిని దృష్టిలో పెట్టుకొని ఈ సమీక్ష రాస్తున్నాను.

నేను చేసినప్పుడు ఇందులో మొత్తం ఆరు కోర్సులు. మొదటిది పరిచయం, రెండవది ప్రాజెక్టును ప్రారంభించడం, మూడవది ప్రణాళిక, నాలుగవది అమలు, ఐదవది పనిని చిన్న విడతలుగా చేస్తూ అవసరాన్ని బట్టి మార్చుకుంటూ పోయే అజైల్ పద్ధతి, ఆరవది నేర్చుకున్నదంతా ఒకే ఉదాహరణ మీద ప్రయోగించి చూసే ముగింపు కోర్సు. వారానికి 10 గంటలు కేటాయిస్తే సుమారు 6 నెలల్లో పూర్తవుతుందని నిర్వాహకుల అంచనా. ఉద్యోగం చేసుకుంటూ చదివేవారికి ఆ అంచనా సమంజసమైనదే, కాకపోతే పరీక్షల సీజనులోనో మార్చి నెలాఖరులోనో వారానికి 10 గంటలు దొరకడమన్నది కాగితం మీద మాటే. పాఠాలు చెప్పేవారంతా గూగుల్ ఉద్యోగులు. వారి ఆంగ్లం తేలికగా, స్పష్టంగా ఉంటుంది, పాఠం కింద లిఖిత ప్రతి కూడా ఉంటుంది కాబట్టి తెలుగు మాధ్యమంలో చదువుకున్నవారు సైతం కొద్దిరోజుల్లో అలవాటు పడగలరు.

మొదటి కోర్సు గురించి ఎక్కువ చెప్పనక్కర్లేదు. ప్రాజెక్టు అంటే మొదలూ చివరా ఉండి, ఒక నిర్దిష్టమైన ఫలితాన్ని ఇవ్వాల్సిన పని అనీ, రోజూ సాగే మామూలు విధులు దాని కిందికి రావనీ చెప్పి, ఒక దశ ముగిశాకే మరో దశకు వెళ్లే వాటర్‌ఫాల్, అజైల్, వృథానూ లోపాలనూ తగ్గించే లీన్ సిక్స్ సిగ్మా పద్ధతులను పైపైన పరిచయం చేస్తుంది. సంస్థల నిర్మాణం మీదున్న పాఠం ఒక్కటి బాగుంది. పైనుంచి కిందికి ఒకే వరుసలో ఆదేశాలు దిగే సంస్థలో ప్రాజెక్టు నడిపేవాడికి ఎంత అధికారం ఉంటుంది, ఒకే ఉద్యోగి ఇద్దరు పైవారికి జవాబు చెప్పాల్సిన మ్యాట్రిక్స్ నిర్మాణంలో ఎంత ఉంటుంది అన్న చర్చ మన ప్రభుత్వ కార్యాలయాలకూ విద్యాసంస్థలకూ నేరుగా వర్తిస్తుంది. మిగిలిన భాగంలో ఉద్యోగ ప్రయత్నాల గురించిన ముచ్చట్లే ఎక్కువ, వాటిని వేగంగా దాటేయవచ్చు.

ఈ సర్టిఫికెట్ విలువంతా రెండవ, మూడవ కోర్సుల్లో ఉందన్నది నా అభిప్రాయం. రెండవ కోర్సు నుంచి ‘ఆఫీస్ గ్రీన్’ అనే ఒక కల్పిత సంస్థ కథ నడుస్తుంది. కార్యాలయాల్లో మొక్కలు అమర్చే ఆ సంస్థ, ఉద్యోగుల బల్లల మీద పెట్టుకునే చిన్న మొక్కలను సరఫరా చేసే ‘ప్లాంట్ పాల్స్’ అనే కొత్త సేవను ప్రారంభించాలనుకుంటుంది. దానికి ప్రాజెక్ట్ చార్టర్ రాయడం దగ్గర అసలు చదువు మొదలవుతుంది. చార్టర్ అన్నది రెండు మూడు పేజీల పత్రం. పని ఎందుకు చేస్తున్నాం, ఏ ఫలితం వస్తే నెరవేరినట్టు, ఎంత ఖర్చవుతుంది, ఎవరు ఆమోదించాలి అన్నవి అందులో ఉంటాయి. వీటన్నిటికంటే విలువైన భాగం, ఈ ప్రాజెక్టు పరిధిలోకి రానివేమిటో రాసే చోటు. మన కార్యాలయాల్లో చేయాల్సిన పనుల జాబితాకు కొదవ లేదు, చేయనక్కర్లేని పనుల జాబితా మాత్రం ఎక్కడా కనిపించదు. న్యాక్‌కు స్వీయ అధ్యయన నివేదిక తయారుచేయడమే పని అనుకుందాం. పని సగంలో ఉండగా ఎవరో వచ్చి, ఎలాగూ సమాచారమంతా చేతిలో ఉంది కదా, కళాశాల కరపత్రం కూడా వేసేద్దాం అంటారు, ఇంకొకరు ఐఎస్ఓ ధ్రువపత్రం సంగతి కూడా చూడమంటారు, మరొకరు వెబ్‌సైటును మొత్తంగా మార్చేయమంటారు. ఒక్కొక్కటీ చిన్న కోరికే, కలిసి గడువును మింగేస్తాయి. పరిధి ఇలా చాపకింద నీరులా పెరిగిపోవడాన్ని ఈ రంగంలో స్కోప్ క్రీప్ అంటారు. దాన్ని కోపతాపాలు లేకుండా ఆపడానికి, అందరూ ముందే చదివి సరేనన్న కాగితాన్ని చూపించడం ఎంత మర్యాదైన మార్గమో ఈ కోర్సు చక్కగా నేర్పుతుంది. గడువు, ఖర్చు, పరిధి అనే మూడింటిలో ఒకదాన్ని కదిపితే మిగిలిన రెండింటిలో ఏదో ఒకటి కదలక తప్పదన్న పాఠాన్ని కూడా ఇక్కడే, ఒక అధికారికి ఎదురుగా కూర్చొని చెప్పగలిగేంత సూటిగా చెబుతారు.

అదే కోర్సులోని రేసి పట్టికను ఏ వృత్తిలో ఉన్నవారైనా మర్నాటి నుంచే వాడుకోవచ్చు. ప్రతి పనికీ ఎదురుగా నాలుగు పాత్రలు రాస్తారు: చేసేది ఎవరు, జవాబుదారీ ఎవరు, ఎవరిని సంప్రదించాలి, ఎవరికి తెలియజేస్తే చాలు. ఇందులో కచ్చితమైన నియమం ఒకటే, ఏ పనికైనా జవాబుదారీ ఒక్కరే ఉండాలి. న్యాక్ ఇటీవలి వరకు అడిగిన నివేదికలో ఏడు ప్రమాణాలుండేవి, ఒక్కో ప్రమాణానికి ఒక అధ్యాపకుడిని బాధ్యుడిగా పెట్టడం అన్ని కళాశాలలూ చేసేదే. అయితే నాలుగవ ప్రమాణం కింద మౌలిక వసతులకు చేసిన ఖర్చు లెక్కలు కావాలంటే కార్యాలయ సూపరింటెండెంటు చేతిలోని ఆడిట్ నివేదికలు రావాలి, గ్రంథాలయ వివరాలకు లైబ్రేరియన్ కావాలి, చివర్లో ప్రిన్సిపాల్ సంతకం కావాలి. ఈ నలుగురిలో ఎవరు ఏ పాత్రలో ఉన్నారో రాసుకోకపోతే, చివరి వారంలో ‘నాకెవరూ చెప్పలేదండీ’ అన్న మాట వినాల్సి వస్తుంది, నిజానికి అన్నవారి తప్పు కూడా అందులో ఉండదు. దీనికి ముందు వచ్చే మరో సాధనం, సంబంధిత వ్యక్తులను వారి అధికారం, ఆసక్తి అనే రెండు కొలతల మీద నాలుగు గళ్లలో సర్దడం. అధికారం అంటే హోదా అన్నంత సులువుగా కోర్సు దాన్ని వివరిస్తుంది. ఫీజు రీయింబర్స్‌మెంట్ దస్త్రాలు తన బీరువాలో ఉంచుకున్న సీనియర్ అసిస్టెంటును ఆ గళ్లలో ఎక్కడ పెట్టాలో మనకు మనమే తేల్చుకోవాలి.

మూడవ కోర్సు ప్రణాళికకు సంబంధించినది. పెద్ద పనిని చిన్న పనులుగా, వాటిని ఇంకా చిన్నవిగా విడగొట్టడం, మైలురాళ్లు నిర్ణయించడం, ఏ పని దేనిమీద ఆధారపడిందో చూసి, ఒక్క రోజు ఆలస్యమైనా మొత్తం గడువు దాటిపోయే పనుల వరుసను గుర్తించడం ఇందులో ఉంటాయి. ఆ వరుసనే క్రిటికల్ పాత్ అంటారు. 1950ల చివర్లో అమెరికాలోని డ్యూపాంట్ రసాయన కర్మాగారాల అవసరాల నుంచి పుట్టిన ఈ పద్ధతిని, ఇక్కడ లెక్కల బెడద పెద్దగా లేకుండా బొమ్మలతో చెబుతారు. కాలాన్ని అంచనా వేసే పాఠం ఈ కోర్సు మొత్తంలో నాకు బాగా నచ్చినది. మనిషి తన పనికి పట్టే సమయాన్ని ఎప్పుడూ తక్కువగానే ఊహించుకుంటాడని చెప్పి, పని చేయాల్సిన మనిషినే అడగాలనీ, ‘శుక్రవారానికి అయిపోతుందా’ అని కాకుండా ‘ఇందులో ఏమేం చేయాల్సి ఉంటుంది’ అని అడగాలనీ సూచిస్తుంది. తర్వాత మూడు అంచనాల పద్ధతి వస్తుంది. పట్టభద్రులైన పాత విద్యార్థుల్లో ఎవరు పై చదువులకు వెళ్లారో, ఎవరు ఉద్యోగాల్లో చేరారో ఆధారాలతో సేకరించడానికి అన్నీ కలిసొస్తే 4 రోజులు, మామూలుగా 6 రోజులు, ఏదీ కలిసిరాకపోతే 14 రోజులు అనుకుంటే, మామూలు అంచనాకు నాలుగు రెట్ల బరువిచ్చి కూడి ఆరుతో భాగిస్తే 7 రోజులు వస్తుంది. ఆరు రోజులని మాట ఇవ్వడానికీ ఏడు రోజులని మాట ఇవ్వడానికీ ఉన్న తేడా ఒక్క పనిలో కనిపించదు గానీ, అలాంటివి నలభై పనులు వరుసలో ఉన్నప్పుడు తెలుస్తుంది.

రిస్క్ రిజిస్టర్ కూడా ఇక్కడే నేర్పుతారు. జరిగే అవకాశం ఎంత, జరిగితే నష్టం ఎంత అన్న రెండు ప్రశ్నలకు జవాబులు రాసి, ఒక్కో ముప్పుకూ ముందే విరుగుడు ఆలోచించడం దీని సారం. కోర్సులోని ముప్పులు సరఫరాదారు ఆలస్యం చేయడం, బడ్జెట్ దాటిపోవడం వంటివి. మన జాబితా వేరు. బాధ్యుడైన అధ్యాపకుడికి మధ్యలో బదిలీ రావడం, సగం మంది మూల్యాంకనానికి వెళ్లిపోవడం, ఎన్నికల విధులు పడటం, సర్వర్ మీద భారం ఎక్కువై చివరి రోజుల్లో దస్త్రాలు ఎక్కకపోవడం. మొదటి ముప్పుకు విరుగుడుగా ప్రతి ప్రమాణానికీ ఇద్దరు అధ్యాపకులను పెట్టి, కాగితాలన్నీ వ్యక్తుల లాప్‌టాపుల్లో కాకుండా ఉమ్మడి డ్రైవ్‌లో ఉంచడం అన్నది ఈ పద్ధతిలో కూర్చొని ఆలోచిస్తే వెంటనే తట్టే పరిష్కారం. కొనుగోళ్ల పాఠం మాత్రం ప్రైవేటు సంస్థల వ్యవహారాన్నే చూపిస్తుంది. టెండర్లు, ఆర్థిక నియమావళి, వినియోగ ధ్రువపత్రాలు ఉండే ప్రభుత్వ రంగంలో పనిచేసేవారికి అందులో దొరికేది తక్కువ.

నాలుగవ కోర్సు అమలు దశ. పనుల కాలక్రమాన్ని అడ్డగీతలతో చూపే గాంట్ చార్టు, పురోగతి నివేదికలు, నాణ్యత ప్రమాణాలు, సర్వేలు, సమావేశాల నిర్వహణ, పని ముగిశాక వెనక్కి తిరిగి చూసుకునే సమీక్ష ఇందులోని అంశాలు. జట్టులోని మనుషులు మొదట మొహమాటంగా, తర్వాత తగవులతో, ఆ తర్వాతే సర్దుబాటుతో పనిచేస్తారన్న టక్‌మన్ సిద్ధాంతాన్ని కూడా చెబుతారు. సమావేశాల పాఠం చదివాక ఒక మార్పు మాత్రం తప్పక చేసుకోవచ్చు: ఎజెండా ముందుగా పంపడం, ప్రతి అంశానికీ బాధ్యుడి పేరు, తేదీ రాసి సమావేశం ముగించడం. అయితే ఈ కోర్సు మొత్తం ఒక ఊహ మీద నడుస్తుంది. ఆలస్యం గురించి నిజాయితీగా నివేదిస్తే పై అధికారి కృతజ్ఞతతో వింటాడన్నదే ఆ ఊహ. హోదాను బట్టి మాట తీరు మారే మన కార్యాలయాల్లో, పని ఎర్ర రంగులో, అంటే గడువుకు వెనుకబడి, ఉందని అందరి ముందు తెర మీద చూపిస్తే, ఆ రంగు పెట్టినవారి మీదే మొదటి ప్రశ్న పడుతుంది. వయసులోనూ సర్వీసులోనూ పెద్దవారైన సహోద్యోగిని ‘మీ భాగం ఇంకా రాలేదు’ అని ఎలా అడగాలో కూడా ఇందులో లేదు. అధికారం లేకుండా ప్రభావం చూపడం అన్న పేరుతో కొన్ని పాఠాలున్నా, అవి సమాన స్థాయి మనుషుల మధ్య జరిగే సంభాషణల్లాగే ఉన్నాయి. ఈ లోటును ఏ కోర్సు పూడుస్తుందో నాకు అనుమానమే గానీ, కొనేముందు తెలిసి ఉండటం మంచిది.

అజైల్ గురించిన ఐదవ కోర్సు విషయంలో చదివేవారి వృత్తిని బట్టి తీర్పు మారుతుంది. 2001లో యూటా రాష్ట్రంలోని స్నోబర్డ్‌లో 17 మంది సాఫ్ట్‌వేర్ నిపుణులు కూర్చొని రాసుకున్న అజైల్ ప్రకటన నుంచి మొదలుపెట్టి, అజైల్‌లో ఒక రకమైన స్క్రమ్ పద్ధతిలోని పాత్రలు, నెలకు మించని పని విడతలైన స్ప్రింట్లు, రోజూ 15 నిమిషాల సమావేశం, చేయాల్సిన పనుల జాబితా అయిన బ్యాక్‌లాగ్, వాడేవారి అవసరాన్ని క్లుప్తంగా చెప్పే యూజర్ స్టోరీలు అన్నీ వివరంగా ఉంటాయి. పాఠాలు బాగానే ఉన్నాయి. కానీ పని ఏ క్రమంలో జరగాలో తేల్చే అధికారం ప్రొడక్ట్ ఓనర్ అనే ఒకే వ్యక్తి చేతిలో ఉండాలన్నది స్క్రమ్‌కు పునాది, ప్రమాణాలు బయటి సంస్థ నిర్ణయించి, ఫార్మాటు కూడా వారే ఇచ్చే పనిలో ఆ పునాదికి చోటు లేదు. ఆసుపత్రిలో, పాఠశాలలో, పంచాయతీ కార్యాలయంలో పనిచేసేవారు ఇందులోంచి కాన్‌బాన్ బోర్డును తీసుకుంటే చాలు. గోడ మీద మూడు నిలువు వరుసలు, చేయాల్సినవి, చేస్తున్నవి, అయినవి. చేస్తున్నవాటి సంఖ్యకు ఒక పరిమితి. ఎవరి దగ్గర ఎన్ని పనులు ఆగిపోయాయో అందరికీ కనిపించడం దాని ప్రయోజనం.

ముగింపు కోర్సులో ‘సాస్ అండ్ స్పూన్’ అనే కల్పిత రెస్టారెంట్ల సంస్థ తన రెండు శాఖల్లో బల్లల మీద టాబ్లెట్లు పెట్టి ఆర్డర్లు తీసుకోవాలనుకుంటుంది. యజమాని కోరిక ఒకటి, శాఖల మేనేజర్ల భయం ఇంకొకటి, వంటశాల వారి అభ్యంతరం వేరొకటి. ఈ వివాదాలన్నీ మెయిళ్లలోనూ సమావేశపు నోట్సులోనూ చెదురుమదురుగా ఉంటాయి, వాటిని చదివి చార్టర్, ప్రణాళిక, సర్వే, తుది నివేదిక మనమే రాయాలి. సమాచారం ఎవరూ వరుసగా పేర్చి ఇవ్వరన్న వాస్తవానికి ఇది దగ్గరగా ఉంది, ఆ మేరకు రూపకర్తలను మెచ్చుకోవాలి.

పెద్ద లోపం మూల్యాంకనంలో ఉంది. క్విజ్‌లలో 80 శాతం తెచ్చుకోవడం కష్టం కాదు, తప్పితే మళ్లీ రాయవచ్చు. రాత పనుల్లో చాలావాటిని ఒక నమూనా జవాబుతో మనమే పోల్చి చూసుకోవాలి. అనుభవజ్ఞుడైన వ్యక్తి మన చార్టర్ చదివి, ఈ లక్ష్యం కొలవడానికి వీలుగా లేదు, ఈ ఖర్చు ఎక్కడి నుంచి వచ్చింది అని అడిగే ఏర్పాటు లేదు. శ్రద్ధగా చేసినవారికీ, నమూనా చూసి దిద్దుకున్నవారికీ ఒకే సర్టిఫికెట్ వస్తుంది, ఆ సంగతి ఉద్యోగాలిచ్చేవారికీ తెలుసు. దీనికి తోడు ప్రతి చిన్న భాగం చివర్లోనూ అభినందనలు కురుస్తూనే ఉంటాయి. పెద్దవాళ్లకు అంత బుజ్జగింపు అవసరమా అనిపిస్తుంది.

ప్రత్యామ్నాయంగా మన దేశంలో ఎన్‌పీటెల్ అనే ఆన్‌లైన్ పాఠాల వేదిక ఉంది. ఐఐటీ అధ్యాపకులు చెప్పే ప్రాజెక్ట్ మేనేజ్‌మెంట్ పాఠాలను ఉచితంగా చూడవచ్చు, సర్టిఫికెట్ కావాలంటే 1000 రూపాయల రుసుముతో పరీక్షా కేంద్రానికి వెళ్లి రాయాలి, అసైన్‌మెంట్లకు 25, పరీక్షకు 75 శాతం బరువు ఉంటుంది. లెక్కల విషయంలో గూగుల్ కోర్సు ఆ పాఠాలకు సాటిరాదు. ఏ పని దేనిమీద ఆధారపడిందో లెక్కగట్టే నెట్‌వర్కు విశ్లేషణ, గడువు తగ్గించడానికి ఎక్కడ ఎంత ఖర్చు పెంచాలన్న గణనలు కావాల్సిన సివిల్, మెకానికల్ ఇంజినీర్లు ఎన్‌పీటెల్ వైపే వెళ్లాలి. రేపు ఉదయం కార్యాలయంలో వాడుకోదగిన పత్రాల నమూనాలు, మాట్లాడే పద్ధతి కావాల్సినవారికి గూగుల్ కోర్సు మేలు.

ఈ సర్టిఫికెట్‌ను 1969లో ఏర్పడిన, ప్రాజెక్ట్ మేనేజ్‌మెంట్ నిపుణుల సంస్థ పీఎంఐ ఇచ్చే పీఎంపీ ధ్రువపత్రంతో పోల్చేవారున్నారు, అది సరికాదు. నాలుగేళ్ల డిగ్రీ ఉన్నవారికి కూడా పీఎంపీ రాయాలంటే 36 నెలలు ప్రాజెక్టులు నడిపిన అనుభవం ఉండాలి. అనుభవం లేనివారి కోసం అదే సంస్థ నిర్వహించే సీఏపీఎం పరీక్షకు 23 గంటల శిక్షణ తప్పనిసరి, గూగుల్ కోర్సులోని 100కు పైగా గంటలు ఆ అవసరాన్ని తీరుస్తాయి. హైదరాబాద్‌లో ఇప్పటికే ఏదో ఒక ఐటీ జట్టులో ఏళ్ల తరబడి స్ప్రింట్లు నడుపుతున్నవారికి ఇందులో కొత్తగా ఏమీ దొరకదు, వారు నేరుగా పీఎంపీకి సిద్ధం కావడమే మంచిది.

ఖర్చు సంగతి. చందా నెలవారీగా ఉంటుంది, అమెరికాలో నెలకు 49 డాలర్లు, భారత్‌లో రూపాయల్లో వేరే ధర ఉంటుంది కాబట్టి చేరే రోజు చూసుకోవాలి. ఎన్ని నెలలు సాగదీస్తే అంత ఖర్చు, అందువల్ల వేసవి సెలవుల్లాంటి ఖాళీ చూసుకొని మొదలుపెట్టడం లాభం. ఆర్థిక సహాయానికి దరఖాస్తు చేసుకునే వీలు ఉంది, అయితే ఒక్కో కోర్సుకు విడిగా దరఖాస్తు పెట్టి దాదాపు రెండు వారాలు ఎదురుచూడాలి. ఓపిక ఉన్న విద్యార్థులకు అది మంచి దారి.

ఐదుకు నేను ఇచ్చేది మూడున్నర. రెండవ, మూడవ కోర్సులకు విడిగా ఇవ్వమంటే నాలుగున్నర ఇస్తాను, సర్టిఫికెట్ కాగితానికైతే రెండు దాటను. చేరేవారు ఒక ఏర్పాటు చేసుకుంటే ఖర్చుకు తగిన ఫలితం వస్తుంది: రెండవ కోర్సు మొదలుపెట్టేనాటికి తమ ఉద్యోగంలోనే రాబోయే నెలల్లో చేయాల్సిన ఒక నిజమైన పనిని ఎంచుకొని, ప్లాంట్ పాల్స్ కోసం రాసే ప్రతి పత్రాన్నీ ఆ పని కోసం కూడా రాసుకోవాలి, రాసినదాన్ని ఆ పనితో సంబంధమున్న ఒక సీనియర్ చేత చదివించుకోవాలి. కోర్సులో లేని మూల్యాంకనం అలా దొరుకుతుంది. చార్టర్, రేసి పట్టిక, రిస్క్ రిజిస్టర్, సమావేశపు ఎజెండా నమూనాలన్నీ గూగుల్ డాక్స్, షీట్స్ రూపంలో ఇస్తారు. చందా ఆగిపోతే పాఠాలతో పాటు అవి కూడా తెరుచుకోకపోవచ్చు కాబట్టి, కోర్సు నడుస్తుండగానే వాటిని సొంత డ్రైవ్‌లోకి కాపీ చేసి పెట్టుకోవాలి.